రోజీ బుట్ట

ధర్మవరం,
ఆగస్టు, 1979

చిరంజీవి రామదాసుకు అవ్వ ఆశీస్సులు.

ముందుగా ఒక దిద్దుబాటు. "ఆడకుక్క ఏటా ఈనితేనే ఆరోగ్యంగా ఉంటుంది" అని రాశావు. కాదు. పశువుల డాక్టరు గారిని నేనే అడిగాను, అలాంటిదేమీ లేదన్నారు. నీకీ పాఠం ఎవరు చెప్పారో గానీ, చెప్పినవాడు ఎన్నడూ కన్నవాడు కాడు.

ఇక్కడ అందరమూ క్షేమం. వాన తప్ప అన్నీ ఉన్నాయి. మీ నాయనకు దగ్గు తగ్గింది. "రోజీ బాగుందా? ఈసారి ఎన్ని పిల్లలను పెట్టవచ్చు? మా ఆఫీసరుకు ఒకటి ఇస్తానని మాటిచ్చాను" అని అడిగావు. రోజీ బాగుంది. రెండో ప్రశ్నకు తర్వాత వస్తాను.

పోయిన ఎండాకాలం అది ఈనింది మీ అమ్మ మగ్గం గుంటలో. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే చోటే పిల్లలను చుట్టుకుని పడుకుంది. జ్వరమొచ్చినా మగ్గం ఆపని నా కోడలు ఓబులమ్మ, సగం నేసిన పెళ్లిచీర మీద గుడ్డ కప్పి లేచింది. షావుకారు మనిషి వచ్చి, "ఏమక్కా, ముహూర్తం దగ్గరికొచ్చె. కుక్క కోసరం చీర ఆపుతావా?" అన్నాడు.

"పెండ్లికూతురు రెండు దినాలు కాచుకుంటాది. బాలింత యాడికి పోతాదన్నా?" అంది మీ అమ్మ.

ఇన్నేళ్లు బడిలో పాఠాలు చెప్పాను, అంత చక్కని జవాబు నా నోట ఒక్కటీ రాలేదు.

తర్వాత నువ్వు మూతబుట్టతో వచ్చి మగపిల్లలను ఏరుకున్నావు. ఆడవాటిని "ఎవరికైనా ఇచ్చేయండి" అని బస్సెక్కావు. ఇచ్చాము. తమకే గంజి లేని కరువులో ఎవరు మాత్రం ఏం పెడతారు? ఒకటి బస్టాండు వెనక చచ్చిపడి ఉంటే, మీ అమ్మ కొంగులో చుట్టి తెచ్చి పెరట్లో పూడ్చింది. రోజీ కూడా అప్పటికి ఎముకలగూడు. "అత్తా, దీనికింగ కాన్పులు వద్దు. ఇంకొకటైతే ఇది బతకదు" అంది మీ అమ్మ.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. పిల్లలు రావు. దాని ఒంటికి కాస్త కండ పట్టాక, పోయిన వారం మీ అమ్మ అనంతపురం తీసుకుపోయి ఆపరేషన్ చేయించింది. తోడు నేను వెళ్లాను.

బస్సులో కండక్టరు, "యాడికక్కా కుక్కను?" అన్నాడు.

"ఆపరేషన్‌కు."

బస్సంతా నవ్వింది. వెనక నుంచి ఒక ముసలాయన, "మొన్న ఎమర్జెన్సీలో ఆపరేషన్లకని మనుషులను పట్టుకపోయిరి. ఇప్పుడు కుక్కల వంతా తల్లీ?" అన్నాడు.

"మిమ్మల్ని పట్టుకపోయినోళ్లు అడగలేదు పెదనాయనా. దీన్ని నేను అడిగినా. ఊ అనింది."

"కుక్క ఊ అంటాదా?"

"కాదనలేదు. మా ఇంట్లో ఆడోళ్లకు అదే ఊ."

ఆ మాట పక్కనున్న నాకూ తగిలింది. తగలవలసిందే. ఇంతలో బస్సు గుంతలో ఎగిరింది. జారబోయిన రోజీని పట్టుకోవడంలో మీ అమ్మ గాజులన్నీ పగిలాయి. ఆమె చేతుల వంకైనా చూసుకోలేదు.

ఇదంతా నీకు రాయవద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. నువ్వు వచ్చాక తానే చెబుతుందట. బస్సెడు జనానికి జంకని మనిషి నీ కోపానికి జంకుతోంది. అది నాకు నచ్చలేదు. అందుకే ఒట్టు తప్పాను. ఆ కోపమంతా ఈ కాగితం మీద తీర్చుకుని ఇంటికి చల్లగా రా. మీ ఆఫీసరుతో మా అవ్వ ఒప్పుకోలేదని చెప్పు. ఆయనకూ ఒక అవ్వ ఉండే ఉంటుంది.

వచ్చేటప్పుడు ఆ మూతబుట్ట తీసుకురా, ఖాళీగా కాదు. నువ్వుండే ఊళ్లో చిక్కపేట బజారుకు పోయి ఆకుపచ్చ మట్టిగాజులు డజను కొని, పాతగుడ్డలో చుట్టి అందులో పెట్టు. సైజు రెండున్నర. దొరకలేదని పెద్దవి తేవద్దు. గాజులు మీ అమ్మకు. బుట్ట ఇక్కడే వదిలి వెళ్లు, రోజీ పడుకుంటుంది. మగ్గం గుంట మీ అమ్మకు కావాలి.

ఇట్లు,
నీకు ఎంత కోపమొచ్చినా నీ అవ్వనే అయిన
లక్ష్మీనరసమ్మ