నా దవడ పట్టిక

సోమవారం, ఉదయం 8
ముప్పై ఏళ్ల కిందట మా ఆవిడకు మాటిచ్చాను, ఆఫీసు చిరాకును ఇంటి గడప దాటనివ్వనని. మూడో రోజే దాటింది. చెప్పులతో సహా! ఆవిడ ఇప్పుడు లేదు. మాట మిగిలింది.

ఈసారి తప్పదు. నేను పనిచేసే కౌన్సెలింగ్ కేంద్రానికి ఇప్పుడు పెద్ద, నా పాత శిష్యురాలే. పోయిన వారం ఒకావిడ ఏడుస్తుంటే "త్వరగా కానివ్వమ్మా" అన్నానట.

"మాస్టారూ, రెండు వారాలు మీ ఒత్తిడి లక్షణాలు మీరే రాసుకోండి. లేదంటే మీ కుర్చీ ఇంకొకరికిస్తా" అంది.

కుర్చీ పోతే నాకు మిగిలేది ఖాళీ ఇంట్లో గోడ గడియారం.

లక్షణాలు: దవడ బిగింపు, భుజాలు చెవులకెక్కడం, నోరు తెరిస్తే వెటకారం. నలభై ఏళ్లుగా ఊరందరికీ చెప్పిన పాఠమే. నాకెంతసేపు!

మంగళవారం, 11
దవడ వదులు. భుజాలు కింద. మహాయోగినైపోయాను!

బుధవారం, 4
నావి ఏమీ లేవు. మా గుమాస్తావి ఏడు రాశాను. చూపిస్తే మొహం మాడ్చుకున్నాడు. మంచికి పోతే చెడు ఎదురైంది.

గురువారం
దవడ కాస్త బిగిసింది. పన్ను నొప్పి అని రాశాను. వెటకారం లెక్కలోకి రాదు, అది చదువుకున్నవాడి ఊతకర్ర.

శుక్రవారం, 10
వచ్చే వారం గళ్లన్నీ ఇవాళే నింపేశాను. అన్నీ 'ప్రశాంతం'. ముందుచూపు!

సోమవారం, 12
కోపం తగ్గించుకోవడానికి నా దగ్గరికొచ్చే బస్సు డ్రైవరు, మాట మధ్యలో ఆగాడు.

"సార్, మీ దవడ బిగుసుకుంది."

"నీ సంగతి చూసుకోవయ్యా!"

"మీరు నేర్పిందే కద సార్. పళ్లు వదలండి. ఊపిరి తీస్కోని నాలుగు లెక్కపెట్టండి."

మూడు దగ్గరే నా కళ్లు తడిశాయి. వచ్చినవాళ్ల కోసం ఉంచిన టిష్యూల పెట్టె నా వైపు జరిపాడు.

సాయంత్రం 5
శిష్యురాలు పట్టిక చూసింది.

"ఇంకా రాని గురువారం కూడా ప్రశాంతమేనా మాస్టారూ?"

డ్రైవరు సంగతి చెప్పేశాను. ఆమె నవ్వలేదు.

"నా మొదటి కేసు రోజు నేనేడిస్తే మీరేమన్నారో గుర్తుందా? 'కళ్లు తుడుచుకో, తర్వాతివాళ్లను పిలువు.' రేపట్నుంచి రోజుకో కాగితమే ఇస్తా. మళ్లీ మొదట్నుంచి."

కుర్చీ ఉంది. ఆ మాటా గుర్తుంది. నా మొదటి రోజు మా గురువుగారు నాకూ అదే చెప్పారు.

మంగళవారం, ఉదయం 8. మొదటి రోజు!
దవడ బిగిసింది. భుజాలు చెవుల దగ్గరే. 'కారణం' అని కొత్త గడి ఒకటి. నా పేరే రాయాలి. కలం పెట్టాను, మనసొప్పలేదు. రాశాను: మా గురువుగారు.