వెంకట్రావుతో జోడీ

పటాన్‌చెరు,
ఆదివారం సాయంత్రం.

జోగిపేటలోని మా పెద్దక్కకు తమ్ముడు సాయిలు వేయి దండాలతో రాస్తున్నాను. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారా? బావ నడుము నొప్పి తగ్గిందా? నా ఒంట్లో బాగానే ఉంది, నువ్వు పరేషాన్ కావద్దు. బీరంగూడలో నా కిరాయి గది రేకులది, పగలు పెనం మీద కూర్చున్నట్టే ఉంటుంది. క్యాంటీన్ అన్నం సయించడం లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం పంపు.

నిజం చెప్పాలంటే అక్కా, ఈ వారమంతా భయంతో ముద్ద దిగలేదు. కార్ఖానాలో పనిచేసే యువకులందరినీ ఈ ఆదివారం మైదానంలో కలిపి ఆటలు ఆడించాలని పైవాళ్లు అనుకున్నారు. మా సూపర్‌వైజర్ నన్ను పిలిచి, "సాయిలూ, బళ్లె ఆటల్ల ముంగటుండేటోనివట గదా. ఏం ఆటలు పెట్టాల్నో నువ్వే సూడు. కొట్లాట గిట్ల అయ్యిందో, నీ పర్మినెంటు సంగతి ఇగ మర్చిపో" అన్నాడు.

మొన్నటి తెలంగాణ గొడవల నుంచి ఇక్కడ ఆంధ్రవాళ్లు ఒక పక్క, మనవాళ్లు ఒక పక్క కూర్చుని తింటారు. పోయిన నెల క్యాంటీన్‌లో కంచాలు గాల్లోకి లేచాయి. వెల్డింగ్ చేసే వెంకట్రావు గుంటూరు వైపు మనిషి, తాడిచెట్టంత ఉంటాడు. ఆ రోజు నా కాలర్ పట్టుకున్నాడు. అప్పటినుంచి అతను ఎదురైతే పక్కకు తప్పుకుంటున్నాను. ఇలాంటివాళ్లతో కబడ్డీ అంటే కాళ్లు విరుగుతాయి. తాడు లాగుడు పెడితే అటు వాళ్లు, ఇటు మనవాళ్లు, ఇక చెప్పేదేముంది! పట్టుకోవడం, ఈడ్వడం లేనిది కదా అని ఖోఖో పెట్టాను.

మరి జట్లు ఎలా? చిన్నప్పుడు మన వాడలో చేసినట్టే జోడీలు కట్టమన్నాను. సమానమైన ఇద్దరు భుజాల మీద చేతులేసుకుని దూరం పోయి మారుపేర్లు పెట్టుకుని వస్తారు కదా, "ముత్యం కావాల్నా, పగడం కావాల్నా?" అని జట్టు నాయకుణ్ణి అడుగుతారు కదా, అదే. తీరా చూస్తే అందరూ ఎవరివాళ్లతో వాళ్లే జోడీ కట్టారు. నా పని అయిపోయిందనుకున్నాను. కోరుకోవడం మొదలయ్యాక చూస్తే, ప్రతి జోడీలో ఒకడు ఇటు, ఒకడు అటు పోయి, రెండు జట్లలోనూ అందరూ కలిసిపోయారు.

చివరికి వెంకట్రావు ఒక్కడే మిగిలాడు. అతని ఎత్తుకు జోడీ ఎవరు? ఆట పెట్టేవాణ్ణని పక్కన నిలబడ్డ నా దగ్గరికి నేరుగా వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "రావయ్యా, పేర్లు పెట్టుకుందాం" అన్నాడు. వేపచెట్టు వెనక్కి తీసుకుపోతే కొడతాడనే అనుకున్నాను. చూస్తే అతనే అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు అక్కా!

"గొడవేం జరగదు కదా? నాకూ ఇంకా పర్మినెంటు కాలేదు. ఇంత మనిషిని, ఎవరు కొట్టుకున్నా ముందు నా పేరే చెబుతారు" అన్నాడు.

"నాక్కూడ మస్తు భయమైతుందన్నా" అన్నాను. ఇద్దరం కాసేపు పేర్ల సంగతే మర్చిపోయాం.

ఆట గొడవ లేకుండా గడిచింది. కానీ సూపర్‌వైజర్‌కు హుషారెక్కి, వచ్చే ఆదివారం కబడ్డీ పెట్టమన్నాడు. వెంకట్రావు మాత్రం అప్పుడూ నాతోనే జోడీ కడతానన్నాడు. జోడీ అంటే ఎదురెదురు జట్లే కదా, కూతకు వచ్చేది అతను, పట్టుకోవాల్సింది నేను.

పెద్దలందరికీ నా దండాలు, పిల్లలకు ముద్దులు. దేవుడికి దీపం పెట్టేటప్పుడు నా పేరుతో పాటు వెంకట్రావు పేరు కూడా చెప్పు అక్కా.

నీ తమ్ముడు,
సాయిలు