మావయ్య ఊదిన ఈల

ఖరగ్‌పూర్, కాలేజీ హాస్టలు
12-2-1967

మావయ్యకి నమస్కారాలు.

లోకంలో ఇంతవరకు జరిగిన అనర్థాలన్నిటికీ, ఇకముందు జరగబోయేవాటికీ మా యంత్రాల జట్టు తరఫున సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

"పోటీ కప్పు నా ఈల వల్లే పోనాది" అంటూ మీరు మూడు రోజులుగా ముద్ద ముట్టడం లేదని మలంచా నుంచి అత్త కబురు పెట్టింది.

మా జట్టు ఘనచరిత్ర మీకు తెలుసు. మొదటి ఏడాది పోటీలో గోలీ పోయింది, రెండో ఏడాది బల్ల విరిగింది. ఈసారి గోలీ దొర్లి కేరమ్ బిళ్లల వరసను పడగొట్టాలి. ఆఖరి బిళ్ల దారాన్ని లాగితే బుల్లి సిగ్నల్ రెక్క వాలాలి. అది వాలితే సుత్తి పడి కొబ్బరికాయ పగలాలి. మనిషి చెయ్యి తగిలితే ఆట రద్దు.

రెక్క వాలింది. రైలు గార్డుగా రిటైరై రెండేళ్లయినా మీరు జేబులోంచి ఈల తీసి ఊదేశారు. ఈల వింటే బండి కదలాలని ఉగ్గుపాలతో నేర్చిన మా తవిటయ్య, ఇంజను డ్రైవరు కొడుకు, బల్లను ముందుకు తోసేశాడు.

"ఖేలా శేష్, దాదా!" అని ఆట ముగిసిందని తేల్చేశారు జడ్జీగారు.

"సిగ్నల్ పడినాది కదరా, ఊదకుండా ఏటి సేస్తాను?" అని మీరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

భోంచెయ్యండి మావయ్యా. మీ ఈల సరైనదే, తప్పు సిగ్నల్ లాగే కేబిన్‌లో జరిగింది. గోలీ మూడో బిళ్ల దగ్గరే ఆగిపోయింది. బల్ల కింద నుంచి కాలి బొటనవేలితో దారం లాగింది నేనే.

మీ మేనల్లుడు