రెండు తీగలకు ఒకటే నాబ్

అక్కా, ఇద్దరం కులాసాగానే ఉన్నాం, కంగారు పడకు.

నిన్న సాయంత్రం హోటల్ హాల్లో మొదటిసారి పాడాను. నా మైకుకు వేరే యాంప్లిఫయర్ కొంటానన్న మీ మరిది తీరా సమయానికి, "దండగెందుకే, నా గిటార్ యాంప్లిఫయర్ పెట్టెలో ఇంకో రంధ్రం ఖాళీగానే ఉందిగా" అని నా వైరు అందులో గుచ్చాడు. రంధ్రాలు రెండు, వాల్యూమ్ నాబ్ ఒకటే. గిటార్ కోసం చేసిన ఆ పెట్టెలో నా గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. నా గొంతు వినబడాలని నాబ్ పెంచితే ఆయన గిటార్ అంతకు రెట్టింపు మోగుతుంది. ఇంకా పెంచితే పెట్టె కీచుమంటుంది. గిటార్ మీదుండే సొంత నాబ్ అయినా కాస్త తగ్గించమని సైగ చేస్తే, మైమరచినట్టు కళ్లు మూసుకున్నాడు మహానుభావుడు.

అయ్యాక మేనేజరు వచ్చి, "అదరగొట్టారు సార్! మేడమ్ గారు కూడా పాడుంటే బాగుండేది" అన్నాడు. ఈయన నవ్వి, "ఆవిడకి సిగ్గండీ" అన్నాడు.

నాన్న ట్యూషన్లు చెప్పేటప్పటి మైకు పెట్టె అటక మీద ఉందా, బావ పాత సామాన్లవాడికి వేసేశాడా? ఉంటే దుమ్ము దులిపి పంపు. నా ఉన్ని శాలువా కూడా. పిల్లదానికి దగ్గు తగ్గిందా? ఈ కార్డు పోస్టుమాను చదివితే చదవనీ, నా గోడు ఒక్కడికైనా చేరుతుంది.

బావకి నమస్కారాలు, పిల్లదానికి ముద్దులు. పాడిందా అని అమ్మ అడిగితే, ఒక్క చరణం కూడా వదలకుండా పాడిందని చెప్పు. అందులో అబద్ధమేమీ లేదు.

నీ చెల్లి