వెనక నుంచి గీసిన బొమ్మ

గ్రైఫ్స్‌వాల్డ్, నవంబరు

ప్రియమైన రోస్వితా,

నవ్వకుండా చదువుతానని ముందు మాటివ్వు. ఈ వయసులో నేను బొమ్మలు గీయడం నేర్చుకుంటున్నాను. చెట్లూ పూలూ కాదు, బట్టల్లేకుండా నిలబడ్డ మనుషుల్ని. మొదటి రోజు ఎటు చూడాలో తెలియక గదిని వెచ్చబెట్టే పొయ్యినే చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు అలవాటైపోయింది. కిటికీ అవతల పొగమంచు, లోపల పెన్సిళ్ల చప్పుడు తప్ప మరేమీ ఉండదు. మనిషి సగం నిద్రలో ఉంటే చెయ్యి మాత్రం మేలుకుని తిరుగుతున్నట్టుంటుంది.

మా మాస్టారు టీడెమన్ గారికి పాతకాలపు పిచ్చి. వెనకటికి రోముకు వెళ్లి జుట్టూ గడ్డాలూ పెంచుకున్న మన జర్మన్ చిత్రకారులే ఆయనకు దేవుళ్లు. వాళ్లలాగే గట్టి పెన్సిలు సూదిలా చెక్కాలి, రబ్బరు ముట్టుకోకూడదు. తప్పు గీస్తే ఆ తప్పుతోనే కాపురం చెయ్యాలంటారు. పైగా ఈ ఊళ్లో పుట్టిన చిత్రకారుడు ఫ్రీడ్రిష్ తన బొమ్మల్లో మనుషుల్ని వెనక నుంచే చూపించాడు కదా, ఈ చలికాలమంతా మేమూ వీపులే గీయాలట.

దానికి తగ్గ మనిషే దొరికాడు. రేవులో పడవలు బాగుచేస్తాడట, నలభై దాటి ఉండవు. మొహం గీయకూడదన్న షరతు మీదే ఒప్పుకున్నాడు. అతను నిలబడే అరుగు మీద పాదాల చుట్టూ సుద్దతో గీస్తారు, మళ్లీ వారం వచ్చి సరిగ్గా ఆ గీతల్లోనే నిలబడతాడు. పేరు అడగడం ఇక్కడ మర్యాద కాదు.

నా బొమ్మ ఒకటి పంపుతున్నాను. ఎడమ భుజం కిందికి జారిపోయింది, నా చేతి వణుకే అనుకో. నువ్వు చేసే క్రిస్మస్ తీపిరొట్టె, ఆ స్టోలెన్, ఈసారైనా ఎండిపోకముందే పంపు తల్లీ.

వీపులతో వేగుతున్న
నీ గెసీనే


డ్రెస్డెన్, డిసెంబరు

ప్రియమైన గెసీనే,

స్టోలెన్ పంపాను. నీ బొమ్మ వంటింట్లో పెట్టుకున్నాను. ఆ మనిషి విశ్రాంతి వేళ ఎడమ పాదం తీసి కుడి పాదం మీద పెట్టుకుని నిలబడతాడా? దగ్గుతాడా? ఇంటికి వెళ్లేటప్పుడు మెడకు ఏమైనా చుట్టుకుంటాడా?

ఊరికే అడుగుతున్నాను.

రోస్వితా


గ్రైఫ్స్‌వాల్డ్, డిసెంబరు

ప్రియమైన రోస్వితా,

నువ్వు ఊరికే ఏదీ అడగవు, చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. అవును, అచ్చం అలాగే నిలబడతాడు. దగ్గు లేదు, కాని బక్కపలచన. నీ స్టోలెన్ పట్టుకెళ్లి అందరికీ పంచాను. అతను ఒక ముక్క తిన్నాడు, ఇంకో ముక్క అడిగి తీసుకున్నాడు, అది పట్టుకుని చాలాసేపు కిటికీ దగ్గరే ఉండిపోయాడు. ఇంకో సంగతి. నా చెయ్యి వణకలేదట. అతని భుజమే అంత అన్నారు మాస్టారు.

ఎవరే అతను?

నీ గెసీనే


డ్రెస్డెన్, జనవరి

ప్రియమైన గెసీనే,

వాడు నా ఆర్న్‌ట్. చంటిపిల్లాడప్పుడు తప్ప నువ్వు చూడని నా కొడుకు. ఏడేళ్లప్పుడు మంచు మీద బండి తిరగబడి భుజం ఎముక విరిగింది. అతుక్కుంది గాని సరిగ్గా అతకలేదు.

మా ఆయన పోయినప్పుడు ఓడ పని మీద ఎక్కడో ఉన్నాడు. వాడు వచ్చేసరికి వాళ్ల నాన్నను మట్టిచేసి రెండు రోజులైంది. కబురు ఆలస్యంగా అందిందని చెప్పబోయాడు. నేను విననైనా వినలేదు. గుమ్మంలోనే ఆపి, నీ మొహం నాకు చూపించకు అన్నాను. వెనక్కి తిరిగి మెట్లు దిగాడు. నేను ఆఖరిసారి చూసింది ఆ వీపే. అది జరిగి తొమ్మిదేళ్లు. నేనూ పిలవలేదు, వాడూ రాలేదు. పంతానికి ఇద్దరం ఇద్దరమే.

వాడికి ఏమీ చెప్పకు. ఒక్కసారి నీ చోట కూర్చోనిస్తావా? చూసి వచ్చేస్తాను.

రోస్వితా


గ్రైఫ్స్‌వాల్డ్, జనవరి

రోస్వితా, నా బంగారూ,

పొయ్యి పక్క చోటు నీదే, మాస్టారికి చెప్పాను. నేను ఉంటే ఏడ్చి గోల చేస్తాను కాబట్టి ఆ వారం రోస్టాక్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటాను. తాళంచెవి పక్కింటి ఆవిడ ఇస్తుంది. పెన్సిలు చెక్కుకుని వెళ్లు.

నీ గెసీనే


నీ ఇంట్లోనే, ఫిబ్రవరి

ప్రియమైన గెసీనే,

నీ వంటింటి బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. నువ్వు వచ్చేసరికి నేను డ్రెస్డెన్‌లో ఉంటాను.

నేను వెళ్లేసరికే వాడు సుద్దగీతల్లో నిలబడి ఉన్నాడు. బయట మంచు కురుస్తోంది, గదంతా తెల్లటి వెలుగు. పెన్సిలు చెక్కుకోవడం మరిచిపోయాను చూడు. పక్కన కూర్చున్నావిడను చాకు ఇమ్మని మెల్లగానే అడిగాను. ఆ గదిలో గుసగుస కూడా వినపడుతుందని నువ్వు చెప్పలేదు. వాడి వీపు ఒక్కసారి బిగుసుకుంది. ఆ తర్వాత కదల్లేదు. నేనూ గీయలేదు. తొమ్మిదేళ్ల నుంచి నాతో మాట్లాడని ఆ వీపును కళ్లారా చూస్తూ కూర్చున్నాను. ఆ కాసేపూ కలలా గడిచింది, అది అలాగే సాగితే చాలనిపించింది.

మాస్టారు ఇక చాలన్నారు. అందరూ పెన్సిళ్లు కింద పెట్టారు. వాడు దిగలేదు. మాస్టారు దుప్పటి తెచ్చి భుజాల మీద కప్పి, దిగు నాయనా అన్నారు. వాడు గోడ వైపే చూస్తూ అడిగాడు.

"అమ్మా, తిరగనా?"

అందరూ నా వైపు చూశారు. నేను లేచి నిలబడ్డాను.

"తిరుగు నాన్నా."

తిరిగాడు గెసీనే. కణతల దగ్గర నెరిసిపోయాడు. నేను చూడనన్న ఆ మొహం ఇప్పుడు అచ్చం వాళ్ల నాన్నదే.

నీ రోస్వితా