డెన్నిస్ గారికి నైవేద్యం

పారమట్టా,
ఆదివారం సాయంత్రం.

నా చిట్టితల్లి ఎవాకి,

దేవుడి దయవల్ల నేనూ అమ్మా బాగానే ఉన్నాం. నీ పిల్లి మాత్రం మా ఇద్దరికంటే బాగుంది. నువ్వు అడిలైడ్ వెళ్ళిన దగ్గర్నుంచీ నీ మంచం దానిదే, నీ వాటా చేపముక్కా దానిదే. అక్కడ మాసన్ లేక్స్‌లో నువ్వూ, నీ రూమ్మేట్ అమృతా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

వాట్సాప్‌లో నేను పంపేవన్నీ వెటకారాలేననీ, కాగితం మీద అయితే కుదురుగా రాస్తాననీ, నీకూ తెలుగు చదవడం అలవాటవుతుందనీ అన్నావు. ఎనిమిదో క్లాసులో బడి ఎగ్గొట్టినవాడి రాత ఇది. యూనిలో చదివేదానివి, నీకు అర్థం కాకపోతే అమృత చేత చదివించుకో. ఏమ్మా అమృతా, మా పిల్ల గిన్నెలు కడుగుతోందా, నీ మీదకి తోసేస్తోందా?

నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాలి నొప్పి అలాగే ఉంది. కానీ నొప్పి ఎడమకాలికి, బ్రేకు తొక్కేది కుడికాలితో, కాబట్టి నా బస్సెక్కే జనానికేం భయం లేదు. అమ్మ ఎలా ఉందన్నావు. మొన్న దాని ఫోను బియ్యం డబ్బాలో దాచి నా ఫోన్లోంచి రింగిచ్చాను. "ఏవండీ, బియ్యం పాడుతున్నాయి!" అని కేకేసింది. ఆ పూట నాకు అన్నం పెట్టలేదు. అంటే ఆరోగ్యంగానే ఉందని అర్థం.

నానమ్మ నన్ను ఎప్పుడూ పేరు పెట్టి ఎందుకు పిలిచేది కాదని అడిగావు. అది చివర్లో చెప్తాను. తప్పించుకుంటున్నాడు అనుకుంటావు. తప్పించుకుంటున్నాను నిజమే, కానీ చెప్తాను.

అసలు నువ్వు ఉత్తరం రాసింది మన ద్వారకానాథ్ సంగతి ఏమయిందో తెలుసుకోడానికేగా. అమృతకి కూడా తెలియాలి కాబట్టి మొదట్నుంచీ చెప్తాను. మన వెనక గదిలో అద్దెకుంటున్న ఈ అబ్బాయిది కాకినాడ. ఇక్కడ మాస్టర్స్ చదువుతున్నాడు, సాయంత్రాలు పెట్రోల్ బంకులో పనిచేస్తాడు. మొదట్లో అమ్మ రొయ్యల కూర కోసం మనతో చర్చికి వచ్చాడనే నేను ఏడిపించేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి తనే వచ్చి, "అంకుల్, నేను బాప్తిస్మం తీసుకుంటాను" అన్నాడు. వాళ్ళమ్మ కౌసల్యగారికి ఫోన్ చేసి చెప్పాడు. ఆవిడ, "నీ దేవుణ్ణి నువ్వు ఎంచుకో నాన్నా, అది నీ ఇష్టం. పేరు మాత్రం మార్చుకోకు. అది నేను పెట్టుకున్నది, నేను పిలుచుకోవాలి" అన్నారట.

ఇదంతా విని మన డెన్నిస్ గారు అడ్డం పడ్డారు. చర్చి పెద్ద, పైగా పట్టుదల మనిషి. బార్బెక్యూకి కొత్తవాళ్ళొస్తే వాళ్ళ గ్లాసు వాసన చూసిగాని కూర్చోనివ్వరు, నీకు తెలుసుగా. "మారుమనస్సు పొందినవాడికి విగ్రహం పేరేంటండీ? డేనియల్ అని పెట్టండి, లేదంటే ఆగండి" అన్నారు. పాస్టర్ సుందర్ రాజు గారు మెత్తటి మనిషి, ఎటూ తేల్చలేక నలిగిపోయారు. ద్వారక ఏమీ వాదించలేదు. "పోన్లే అంకుల్, వెనక బెంచీలో కూర్చుంటా. అక్కడ కూర్చున్నా దేవుడికి కనపడతానుగా" అని నవ్వాడు. ఆ పూట రొయ్యల కూర మాత్రం ముట్టుకోలేదు. అప్పుడు తెలిసింది నాకు, వాడికి లోపల ఎంత కోసుకుపోతోందో.

సరిగ్గా అప్పుడే నువ్వు ఫోన్ చేశావు, నీ పాత రోమువాళ్ళ వ్యాసం గురించి. నేను బస్సు డిపోలో టీ తాగుతున్నాను.

"నాన్నా, ఆ రోజుల్లో క్రిస్టియన్స్ అయినవాళ్ళు నేమ్స్ చేంజ్ చేసుకోలేదు, యూ నో? అపొల్లో పేరు, హెర్మెస్ పేరు, అన్నీ పాత గుళ్ళలో గాడ్స్ పేర్లే. వాటితోనే చర్చికి వచ్చేవాళ్ళు. టూ, త్రీ హండ్రెడ్ ఇయర్స్ దాకా మోస్ట్‌లీ ఎవరూ పట్టించుకోలేదు."

"మరి గుళ్ళు?"

"గుళ్ళు, పండగలు అన్నీ స్లోగా మారాయి. పేర్లు లాస్ట్‌లో. ఫన్నీ ఏంటంటే, డెన్నిస్ కూడా డయొనైసస్ అనే గాడ్ పేరు నుంచే వచ్చింది."

"ఆయన దేనికి దేవుడే?"

"వైన్‌కి నాన్నా."

టీ ముక్కులోకి పోయింది. పక్కనున్న డ్రైవర్ క్రిస్ నా వీపు మీద చరుస్తూ, "యూ ఓకే, మేట్?" అన్నాడు. నాకన్నా ఓకేగా ఉన్నవాడు ఆ పూట ఆస్ట్రేలియాలో లేడు.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక ద్వారక సంగతి తేల్చడానికి పెద్దల మీటింగు, మేమందరం ఉండిపోయాం. నేను ముందే వెళ్ళి డెన్నిస్ గారి కుర్చీ ముందు ఒక పళ్ళెం పెట్టి, అందులో నల్ల ద్రాక్షపళ్ళ గుత్తి పెట్టాను. పక్కన ఒక బంతిపువ్వు కూడా.

ఆయన వచ్చి, "ఇదేంటి ఆశీర్వాదం?" అన్నారు.

"మీకు నైవేద్యం అండీ."

"వేళాకోళమా?"

"అయ్యో, మీ పేరు సారా దేవుడిది అండీ. మా ఎవా చెప్పింది, యూనిలో అదే చదువుతోంది. మరి ద్వారకతో పాటు మీకూ పేరు మారిస్తే ఒకేసారి పనైపోతుంది. సారా మానిపించే మనిషికి సారా దేవుడి పేరేం బాగుంటుంది?"

హాలంతా గొల్లుమంది. అమ్మ ఒక్కతే నా తొడ మీద గిల్లింది. మనిషిని నలుగుర్లో నవ్వులపాలు చేస్తే ఎట్లా ఉంటుందో అప్పుడు చూశాను తల్లీ. డెన్నిస్ గారి మొహం ఎర్రబడిపోయింది. గభాల్న లేచారు. ఆయన అలిగి వెళ్ళిపోతే ద్వారక పని కూడా చెడుతుంది. నోరు పారేసుకున్నానే అనుకున్నాను.

తలుపు దగ్గర ఆయన వెనక్కి తిరిగారు. "మా అమ్మ నన్ను కనలేక చావుబతుకుల్లో ఉంటే, మిషనాసుపత్రిలో డెన్నిస్ అనే డాక్టరు దొరగారు ఇద్దర్నీ బతికించారు. మా నాన్న ఆ పేరు పెట్టుకున్నాడు. దాని వెనక ఏ దేవుడున్నాడో నాకనవసరం. నా పేరులో నాకు మా నాన్న కనిపిస్తాడు. దాన్ని నేనెందుకు మార్చుకుంటానయ్యా?"

అప్పుడు వెనక బెంచీలోంచి ద్వారక, చాలా నెమ్మదిగా, "నాది మా అమ్మ పెట్టింది అంకుల్" అన్నాడు.

అంతే. డెన్నిస్ గారు వాడివంక చూస్తూ నిలబడిపోయారు. తర్వాత వచ్చి తన కుర్చీలో కూర్చుని, ఒక ద్రాక్షపండు తుంచి నోట్లో వేసుకున్నారు.

"పుల్లగా ఉన్నాయి ఆశీర్వాదం. దేవుడికి పెట్టేటప్పుడన్నా మంచివి కొనొద్దా?" అని పాస్టర్ గారి వైపు తిరిగి, "వచ్చే ఆదివారం బాప్తిస్మం పెట్టండి. పేరు అదే ఉండనివ్వండి" అన్నారు.

ఇవాళే ఆ ఆదివారం. పాస్టర్ గారింటి వెనక స్విమ్మింగ్ పూల్లో బాప్తిస్మం. నీళ్ళ చలికి ద్వారక పళ్ళు టకటకలాడుతున్నాయి. తువ్వాలు పట్టుకుని నిలబడింది ఎవరనుకున్నావు? డెన్నిస్ గారే. ఫోను పట్టుకునే డ్యూటీ నాది. అందులో ద్వారక వాళ్ళమ్మగారు, కాకినాడలో అప్పుడే తెల్లవారింది. ఆవిడ వెనకాల దేవుడి గూట్లో దీపం వెలుగుతోంది. పాస్టర్ గారు వాణ్ణి పేరు పెట్టి పిలిచి నీళ్ళలో ముంచబోతుంటే, ఆవిడ ఫోన్లోంచి, "అయ్యగారూ, ఆగండి! సిగ్నల్ పోయింది. బాబు పేరు నాకు వినపడలేదు, ఇంకొక్కసారి అనండి" అన్నారు.

పాస్టర్ గారు గొంతెత్తి, "ద్వారకానాథ్!" అన్నారు. పక్కింటి తెల్లాయన గోడ మీంచి తొంగి చూశాడు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఆఁ, ఇప్పుడు కానివ్వండి" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఫోను అమ్మకిచ్చి, కారులోంచి ఏదో తేవాలన్నట్టు వెళ్ళి, కూర్చుని ఏడ్చాను. నాన్న ఏడ్చాడంటే నువ్వు నమ్మవు. సరే, ఇప్పుడు నానమ్మ సంగతి.

ఆశీర్వాదం అన్నది నాకు బాప్తిస్మంలో ఇచ్చిన పేరు. నేను ఇష్టపడే తీసుకున్నాను, ఆ పేరు నాకిప్పటికీ ఇష్టమే. అంతకు ముందు, మన ఊరు చీరాలలో, నేను శేషగిరిని. మా అమ్మ పెట్టింది. కొత్త పేరు పలకబోతే ఆవిడకి నోరు తిరగలేదు. పాత పేరు పిలిస్తే నాకు ఇబ్బందేమోనని జంకింది. రెండూ వదిలేసి 'ఒరేయ్' అని పిలవడం మొదలుపెట్టింది. ఆ 'ఒరేయ్'కి నువ్వు చిన్నప్పుడు పడీపడీ నవ్వేదానివి. నానమ్మకి నా పేరు గుర్తుండదే అని నేనూ జోకేసి తప్పించుకునేవాణ్ణి. పోయే ముందు రోజు కూడా 'ఒరేయ్, అన్నం తిన్నావా' అనే అడిగింది. ఎవరి తప్పూ లేదు తల్లీ. అప్పుడు మాకెవరికీ తెలియలేదు, రెండూ ఉండొచ్చని. ఆ రోమువాళ్ళకి తెలిసింది చీరాలలో మాకు తెలియలేదు.

ఇవాళ కౌసల్యగారు ఆ పేరు రెండోసారి చెప్పించుకుని వింటుంటే, మా అమ్మే విన్నట్టనిపించింది. ఏడ్చాక ఎంత హాయిగా ఉందో! ఇంటికొచ్చి రెండు పళ్ళేల రొయ్యల కూర తిన్నాను. ద్వారక మూడు తిన్నాడు.

ఒక్క పని చేసిపెట్టు. ఈసారి ఫోన్ చేసినప్పుడు నన్ను ఒక్కసారి 'శేషగిరీ' అని పిలువు. నాన్నని పేరు పెట్టి పిలవడం మన ఇళ్ళల్లో లేదు, కానీ మీ యూనిలో ప్రొఫెసర్లనే పిలుస్తారటగా. ఒక్కసారే సుమా. రెండోసారి పిలిచావంటే అమ్మకి చెప్తాను.

ఇట్లు,
ఆశీర్వాదంగా ఉంటూనే
మీ నానమ్మ కొడుకు శేషగిరి కూడా అయిన
మీ నాన్న.