పూలముడి వేసిన ఈగలు

మదనపల్లెలో పట్టుదారం తీసే షెడ్డు నడిపిన గంగులయ్య అనే నేను, కళ్లు మసకబారినా బుద్ధి మసకబారలేదని డాక్టరుగారి దగ్గర రాయించుకుని, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాయించిన వీలునామా ఇది. దీన్ని అమలుజరిపే బాధ్యత నా కుమారుడు భరత్‌ది.

1. ఇల్లు, షెడ్డు నా భార్య రుక్మిణమ్మ జీవితాంతం అనుభవించాలి. ఆమె తదనంతరం భరత్‌కు చెందాలి. ఇందులో తగాదా ఏమీ లేదు.

2. గాలపు కర్ర, ఈగ కట్టేటప్పుడు ముల్లును కదలకుండా బిగించి పట్టే చిన్న వైసు భరత్‌కు. ఇక్కడి మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన విల్సన్ దొరగారు తొంభైరెండులో ఊరు విడిచి వెళ్తూ ఇచ్చినవి ఇవి. గాలపు ముల్లుకు ఎర గుచ్చకుండా, కోడి ఈకా పట్టుదారమూ చుట్టి ఈగలా కట్టడం ఆయనే నేర్పారు. పుంగనూరు చెరువు గట్టున నేను ఈగ విసురుతుంటే రుక్మిణమ్మ, "సేపకు ఈగలే గావల్లంటే మన వంటింట్లో శానా ఉండాయి, యాల కట్టేది" అని నవ్వేది. ఊరంతా నన్ను ఈగలప్ప అన్నారు. నాకు ఆ పేరు ఇష్టమే. దొరగారు ఎక్కడున్నా ఆయనకు నా నమస్కారం.

3. కుప్పంలోని నా బావమరిది వెంకటమునికి ఈకలున్న వస్తువేదీ ఇవ్వకూడదు. మెడ ఈకల కోసం ప్రాణంగా పెంచుకున్న ఎర్రపుంజును, తిరుపతి వెళ్తూ అతనింట వదిలితే, చుట్టాలొచ్చారని కూర వండించాడు. అయితే మెడ ఈకలు మాత్రం కడిగి, ఆరబెట్టి, పొట్లం కట్టి పంపాడు. ఇప్పటికీ వాడుతున్నాం. అందుకని నా చేతిగడియారం అతనికి.

4. ఈగల పెట్టె. బెంగళూరులో గాలాలు వేసేవాళ్ల క్లబ్బు ఒకటి దీన్ని నా పేరుతో అద్దాల బీరువాలో పెడతామంటోంది. ఇవ్వకూడదు. చూపు తగ్గినప్పటి నుంచి నా ముడి సరిగా పడటం లేదు. తడిస్తే ఆ ఈగలు విడిపోవాలి, విడిపోలేదు. ఎందుకో ఒకరోజు వేలితో తడిమితే తెలిసింది. చివర ఉన్నది దొరగారు నేర్పిన ముడి కాదు, కనకాంబరాలు కట్టే ముడి. నేను అటు తిరగగానే రుక్మిణమ్మ విప్పి మళ్లీ కడుతోంది. ఆమె చెప్పలేదు. నాకు తెలిసిందంటే మానేస్తుందేమోనని నేనూ అడగలేదు. నా పేరు నిలబెట్టింది ఆ చేయి. నా అంత అదృష్టవంతుడు ఈ తాలూకాలో లేడు. పెట్టె రుక్మిణమ్మది.

5. మా నాన్న పోయిన రోజున మా అక్క చౌడమ్మ, "ఇంక నువ్వు పూలు ముట్టగూడదుమా" అని మా అమ్మ ఒళ్లోంచి పూలబుట్ట తీసేసింది. ఆ తర్వాత అమ్మ చేతులు ఊరికే ఒళ్లో పడి ఉండేవి. అక్కా, నా పట్టుశాలువా నీకు ఇస్తున్నాను. దండం పెట్టి అడుగుతున్నాను, రుక్మిణమ్మ దగ్గర ఆ పని చేయొద్దు. ఆమె పూలు కట్టాలి, ఇష్టమైతే పెట్టుకోవాలి. ఎవరు అడ్డొచ్చినా భరత్ ఈ కాగితం చూపించాలి.

6. నన్ను సాగనంపేటప్పుడు రుక్మిణమ్మ కట్టిన ఈగ ఒకటి నా చొక్కా జేబులో పెట్టండి. మోసేవాళ్లకు గుచ్చుకోకుండా ముల్లు మొన విరవండి. ముడి మాత్రం విప్పొద్దు.

మదనపల్లె, 12 ఆగస్టు 2004

(సంతకం) గంగులయ్య
అక్షరాలు వంకరపోయినా నావే.

సాక్షులు:
ముద్దుకృష్ణ, మా షెడ్డు మేస్త్రీ
సుభద్రమ్మ, పక్కింటి టీచరమ్మ